వాతావరణ శాఖ వానాకాలం అంచనా, మేఘదూత్ యాప్: అనంతపురం మెట్ట పొలం నుంచి ఒక రివ్యూ

భారత వాతావరణ శాఖ ఏటా ఏప్రిల్ నడుమ ఇచ్చే నైరుతి అంచనా, మే ఆఖరులో దాన్ని సవరించి ఇచ్చే రెండో అంచనా, నెలనెలా వచ్చే రంగుల మ్యాపులు, ఫోన్‌లో మేఘదూత్ యాప్. వీటన్నిటినీ కలిపి ఒకే సర్వీసు కింద లెక్కేసి ఈ రివ్యూ రాస్తున్నాను. ఒక్క పైసా కట్టే పని లేదు. కానీ మా అనంతపురం వైపు ఎర్రనేలలో చెనిక్కాయ (వేరుశనగ) వేసే మనిషి ఈ అంచనా విని విత్తనం కొంటాడు, అప్పు తెస్తాడు, కౌలు మాట్లాడుకుంటాడు. కాబట్టి ఊరికే ఇస్తున్నారు కదా, ఎట్లుంటే ఏముందిలే అని వదిలేసే వ్యవహారం కాదు ఇది.

మార్కులు ముందే చెప్పేస్తాను, చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్లకు. దేశం మొత్తం మీద కాలం ఎట్లుంటుందో చెప్పడంలో అయిదుకి నాలుగున్నర. రాయలసీమలో మెట్ట రైతుకు, కాలువ కింద రైతుకు పనికొచ్చేలా చెప్పడంలో రెండున్నర. సగటున మూడున్నర. ఆ రెండింటికీ ఇంత తేడా ఎందుకు వచ్చిందో చెప్పాలంటే పసిఫిక్ సముద్రం దాకా, మధ్యలో పడమటి కనుమల దాకా పోయి రావాలి. కొంచెం పొడుగవుతుంది.

మొదట అంచనా ఎట్లా ఇస్తారో చూద్దాం. 1971 నుంచి 2020 వరకు లెక్క తీస్తే జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశమంతా సగటున 87 సెంటీమీటర్ల వాన. ఈ ఏడాది అందులో ఎంత శాతం పడుతుందో చెబుతారు. 96 నుంచి 104 మధ్య ఉంటే సాధారణం, 90 కంటే తక్కువైతే లోటు. ఏప్రిల్ అంకెకు అటూ ఇటూ 5 శాతం, మే అంకెకు 4 శాతం తేడా ఉండవచ్చని వాళ్లే రాస్తారు. ఈ మాట టీవీలో రాదు, పేపరు హెడ్డింగులో రాదు. "ఈ ఏడు వానలే వానలు" అని మాత్రం వస్తుంది. ఆ తప్పు వాతావరణ శాఖది కాదు.

అంచనాలు ఎంతవరకు నిజమయ్యాయి అంటారా, ఈ మధ్య చాలా బాగున్నాయి. 2023లో 96 శాతం అన్నారు, 94 పడింది. 2024లో 106 అన్నారు, 108 పడింది. 2025లో ఏప్రిల్‌లో 105, మేలో 106 అన్నారు, 108తో ముగిసింది. 2015 సంగతి ఇంకా గొప్పది. ఏప్రిల్‌లో 93 అని, జూన్ మొదట్లో దాన్ని 88కి దించి, లోటు కాలమే అని ధైర్యంగా చెప్పేశారు. ఆఖరికి 86 పడింది. ప్రభుత్వ శాఖలో కూర్చుని దేశానికి చేదు మాట చెప్పడం అంత సులువు కాదు, ఆ ఏడాది వాళ్ల మీద నాకు గౌరవం బాగా పెరిగింది. 2002లో మాత్రం 101 శాతం అన్నారు, పడింది 81. జూలై నెల సగానికి సగం ఎండిపోయింది. ఆ దెబ్బతోనే 2003లో ఒకసారి, 2007లో ఇంకోసారి మోడళ్లు, అంటే అంచనా కట్టే లెక్కల పద్ధతులు, మార్చారు. 2021 నుంచి పెద్ద కంప్యూటర్ల మీద నడిచే అనేక మోడళ్లను కలిపి చెప్పే పద్ధతి తెచ్చారు. దెబ్బ తిని దిద్దుకున్న సర్వీసు అంటే నాకు నమ్మకం ఎక్కువ.

ఇక సముద్రం సంగతి. చాలామంది మా వైపు "ఎల్ నినో" అంటే ఏదో కొత్తగా పుట్టిన రోగం అనుకుంటారు. మా పెద్దనాన్న అయితే "అదేంది రా, మా కాలంలో లేదే" అంటాడు. ఉంది. వాళ్ల తాతల కాలంలో ఇంకా గట్టిగా ఉంది. సీమలో ధాత కరువు అని ఇప్పటికీ చెప్పుకునే 1876-78 కరువు దాని పనే. 1870 నుంచి 1876 దాకా పసిఫిక్ చల్లగా ఉండి, 1877లో ఒక్కసారిగా చాలా బలమైన ఎల్ నినో వచ్చింది. ఆ మరుసటి ఏడాది ఉత్తర అట్లాంటిక్ కూడా మునుపెన్నడూ లేనంత వేడెక్కింది. దేశంలో 50 లక్షలకు పైగా జనం పోయారు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు గట్టిగా దెబ్బతిన్నాయి. అప్పటికి అనంతపురం జిల్లాయే లేదు, 1882లో బళ్లారి నుంచి విడదీశారు.

వాతావరణ శాఖ 1875లో పెట్టినదే అయినా, వానాకాలాన్ని ముందే చెప్పమని ప్రభుత్వం గట్టిగా అడిగింది ఆ కరువు తరువాతే. హెన్రీ బ్లాన్‌ఫర్డ్ అనే ఆయన అప్పుడు శాఖ పెద్ద. ఆయన హిమాలయాల్లో మంచు ఎంత పడింది, ఎంత మిగిలింది అని చూసి, మంచు ఎక్కువైతే నైరుతి తగ్గుతుందని లెక్క వేసి, 1886 నుంచి అంచనాలు ఇవ్వడం మొదలుపెట్టాడు. అంటే మన దేశంలో ఈ సర్వీసు మొదట కొండలను చూసి పుట్టింది. తరువాత 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితం మనిషి, ఆయన చూపు సముద్రం వైపు తిప్పాడు. పసిఫిక్ మీద గాలి ఒత్తిడి ఒకవైపు పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గడం, అటు తగ్గితే ఇటు పెరగడం ఆయన పట్టుకున్నాడు. అది ఎందుకు జరుగుతుందో తేలడానికి 1969 దాకా పట్టింది. జేకబ్ బియెర్క్‌నెస్ అనే శాస్త్రవేత్త ఎల్ నినోను, వాకర్ చూసిన ఊగులాటను కలిపి వివరించాడు.

వివరణ పెద్ద కష్టమేమీ కాదు. మామూలు ఏళ్లలో తూర్పు నుంచి వీచే గాలులు పసిఫిక్ పైపొర వేడినీళ్లను ఇండోనేషియా వైపు నెట్టుకొస్తాయి. అక్కడ గాలి వేడెక్కి పైకి లేస్తుంది, మబ్బు కడుతుంది. ఆ గాలులు మెత్తబడినప్పుడు వేడినీళ్లు వెనక్కి, నడి పసిఫిక్ వైపు జారతాయి. మబ్బు లేచే చోటు కూడా వాటితోనే పోతుంది. అప్పుడు మన వైపు గాలి పైకి లేవడానికి బదులు కిందికి దిగుతుంది. దిగే గాలిలో మబ్బు నిలవదు. నడి పసిఫిక్‌లో ఒక చోటు నీళ్లు మామూలు కంటే అర డిగ్రీ వేడెక్కి కొన్ని నెలలు అలాగే నిలబడితే దాన్ని ఎల్ నినో అంటారు. అర డిగ్రీ! ధర్మవరం ఎండలో మనకు అర డిగ్రీ తేడా తెలియనే తెలియదు, అక్కడ మాత్రం అదే వేల కిలోమీటర్ల అవతల మన గొర్రు ఆగిపోయేలా చేయగలదు.

అట్లని ఎల్ నినో వస్తే కరువు ఖాయం అనుకోవద్దు. 1997లో ఎల్ నినో చాలా బలమైనది, అందరూ భయపడ్డారు, దేశంలో 102 శాతం వాన పడింది. ఆ ఏడాది హిందూ మహాసముద్రంలో పడమటి సగం వేడెక్కి తూర్పు సగం చల్లబడింది. అది మనకు మేలు చేసే అమరిక. సాజి, యమగాటా అనే శాస్త్రవేత్తల బృందం 1999లో దీన్ని వివరించి హిందూ మహాసముద్ర డైపోల్ అని పేరు పెట్టింది. వాతావరణ శాఖ ప్రకటనలో ఈ రెండింటి గురించీ రెండు పేరాలు ఉంటాయి. శాతం అంకె కంటే ఆ రెండు పేరాలే విలువైనవి, నేను మొదట చదివేది అవే.

ఇప్పుడు అసలు విషయం. ఎల్ నినో రెండేళ్లకో ఏడేళ్లకో వచ్చిపోయేది. దాని వెనకాల ఇరవై, ముప్పై, డెబ్బై ఏళ్ల పాటు నడిచే పెద్ద ఊగులాటలు ఉన్నాయి. ఈ సర్వీసులో మనకు అందని ముక్క ఇదే. ఉత్తర పసిఫిక్‌లో ఒక ఊగులాట ఉంది, దాన్ని పసిఫిక్ డెకేడల్ ఆసిలేషన్ అంటారు, పీడీఓ అని పొట్టిగా. దాన్ని పట్టుకున్నది చేపల లెక్కలు చూసేవాళ్లు. అలాస్కాలో సాల్మన్ చేపలు కొన్ని దశాబ్దాలు విపరీతంగా పడి, కొన్ని దశాబ్దాలు పడకపోవడం ఎందుకా అని తవ్వుతుంటే 1990ల నడుమ ఇది బయటపడింది. 1925 నుంచి 1946 దాకా వేడి దశ, 1947 నుంచి 1976 దాకా చల్లని దశ, 1977 నుంచి 1998 దాకా మళ్లీ వేడి. 2020 తరువాత గట్టిగా చల్లని వైపు ఉంది. ఉత్తర అట్లాంటిక్‌లో ఇంకొకటి ఉంది, అట్లాంటిక్ మల్టీడెకేడల్ ఆసిలేషన్, పొట్టిగా ఏఎంఓ. అది అరవై నుంచి ఎనభై ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది. 1990ల నడుమ నుంచి వేడి దశలో ఉంది.

వీటి పని బాగా కనబడిన చోటు అమెరికా పడమటి కొండలు, రాకీ పర్వతాలు. అక్కడ చలికాలంలో కొండల మీద పడే మంచే ఎండాకాలంలో కరిగి కొలరాడో నదిగా దిగుతుంది, ఏడు రాష్ట్రాలు, మెక్సికో దాని మీద బతుకుతాయి. ఉత్తర పసిఫిక్ చల్లని దశలోకి పోతే చలికాలపు తుపానులు నడిచే దారి ఉత్తరానికి జరుగుతుంది, దక్షిణపు కొండల మీద మంచు తగ్గుతుంది. దానికి తోడు అట్లాంటిక్ వేడి దశలో ఉంటే కరువు ఇంకా ముదురుతుంది. 1950లలో రెండూ కలిసి వచ్చాయి, అక్కడ పెద్ద కరువు. 2004లో మెక్‌కేబ్, పాలెకి, బెటన్‌కోర్ట్ అనే ముగ్గురు లెక్కకట్టి, అమెరికాలో దశాబ్దాల స్థాయిలో కరువులు ఎక్కువ తక్కువ కావడంలో 52 శాతం ఈ రెండు సముద్రాల ఊగులాటలతోనే ముడిపడి ఉందని చూపించారు. మరో 22 శాతం ఉత్తరార్ధ గోళం మొత్తంగా వేడెక్కుతూ పోవడంతో ముడిపడింది. 2000 నుంచి 2021 దాకా ఆ ప్రాంతంలో నడిచిన ఎండు కాలం క్రీ.శ. 800 తరువాత ఏ 22 ఏళ్లలోనూ లేనంత గడ్డు కాలం అని చెట్ల వలయాలు చూసి 2022లో తేల్చారు. సముద్రాల ఊగులాట ఒకవైపు, భూమి వేడెక్కడం ఇంకోవైపు, రెండూ ఒకేసారి తగిలాయి.

ఆ కథలో మనకు పనికొచ్చేది ఏమిటంటే, 1922లో వాళ్లు కొలరాడో నీళ్లు పంచుకున్నప్పుడు అంతకు ముందు కొన్నేళ్లు కొలిచిన లెక్కే చేతిలో ఉంది. అవి బాగా తడిసిన ఏళ్లు. లేని నీళ్లు కాగితం మీద పంచుకున్నారు, ఆ తగాదా ఈనాటికీ తెగలేదు. మన కృష్ణా నీళ్ల దగ్గర బచావత్ ట్రిబ్యునల్ ఆ విషయంలో మెరుగు. 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల ప్రవాహం చూసి, నాలుగేళ్లలో మూడేళ్లు వచ్చే నీళ్లు ఎన్నో లెక్క కట్టింది. ఇంత పొడుగు లెక్కలో సముద్రం మంచి దశ, చెడ్డ దశ రెండూ పడతాయి. మా వైపు ట్రిబ్యునల్ మీద తిట్లు చాలా ఉన్నాయి, అందులో కొన్ని న్యాయమైనవి కూడా, కానీ ఈ పని మాత్రం సరిగ్గా చేసింది.

మన నైరుతికీ దీనికీ ఏమిటి సంబంధం? ఉంది. పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన ఆర్. కృష్ణన్, జపాన్ శాస్త్రవేత్త సుగి 2003లో చూపించింది ఇదే. పీడీఓ వేడి దశలో ఉన్నప్పుడు వచ్చిన ఎల్ నినో మన వానలను మామూలు కంటే ఎక్కువగా దెబ్బతీస్తుంది, అదే దశలో లా నినా (ఎల్ నినోకు తిరగేసినది, నడి పసిఫిక్ చల్లబడటం) వస్తే దాని మేలు తగ్గుతుంది. 1982, 1987 కరువులు రెండూ ఆ వేడి దశలోనివే. ఇది కూడా రాతిమీద గీత కాదు. 1972లో చల్లని దశలో ఉండగానే దేశంలో 24 శాతం లోటు పడింది. అట్లాంటిక్ వేడి దశ మాత్రం మన నైరుతికి మొత్తం మీద అనుకూలం అంటారు. పాతికేళ్లకు, ముప్పై ఏళ్లకు ఒకసారి మన వానాకాలం తడి జోరు నుంచి పొడి జోరుకు, మళ్లీ తడికి మారుతూ ఉండటం గత వందేళ్ల లెక్కల్లో కనబడుతుంది.

ఇంత తెలిసినా ఏప్రిల్ ప్రకటనలో "ఇప్పుడు మనం ఏ దశాబ్దపు జోరులో ఉన్నాం" అన్న మాట నాలుగు వాక్యాల్లో కూడా ఉండదు. ఒక్క ఏడాదికే చూపు. రైతు మాత్రం ఒక్క ఏడాదికే నిర్ణయాలు తీసుకోడు. బోరు వేయించేది పదేళ్ల ఆశతో. చీనీ (బత్తాయి) తోట పెట్టేది పదిహేనేళ్ల ఆశతో. ఒక మంచి ఏడాది చూసి చీనీ పెట్టి, నాలుగేళ్లకు బోరు ఎండి, ట్యాంకర్లతో నీళ్లు తోలి తోటను బతికించుకున్నవాళ్లు, బతికించుకోలేక కొట్టేసినవాళ్లు నార్పల, గార్లదిన్నె, తాడిపత్రి వైపు ఎంతమందో. అలాంటివాళ్లకు కావలసింది వచ్చే నాలుగు నెలల శాతం ఒక్కటే కాదు.

రెండో ఫిర్యాదు ఇంకా పెద్దది, కొండల గురించి. మా అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన. పడమటి కనుమల మీద ఆగుంబే దగ్గర 7,000 దాటుతుంది. రెండింటి మధ్య దూరం బస్సులో ఒక రాత్రి. నైరుతి గాలి అరేబియా సముద్రం నుంచి వచ్చి కనుమలను గుద్దుకుని, పైకి లేచి, నీళ్లన్నీ అక్కడే దించేసి, ఇవతలికి దిగేటప్పటికి పొడిగా మారిపోతుంది. మనం ఆ కొండల వాననీడలో ఉన్నాం. కానీ అక్కడ పడిన వానే తుంగ, భద్ర నదులై, కూడలి దగ్గర కలిసి, హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాము నింపి, హెచ్చెల్సీలో (ఎగువ కాలువ) మనకు, ఎల్లెల్సీలో (దిగువ కాలువ), కేసీ కాలువలో కర్నూలు, కడపలకు వస్తుంది. హంద్రీ-నీవా కూడా శ్రీశైలం నుంచి ఎత్తిపోసేదే, ఆ కృష్ణమ్మా మహాబలేశ్వరం కొండల నుంచి దిగేదే. అంటే సీమ మనిషికి రెండు వానాకాలాలు. ఒకటి తన చేను మీద పడేది, ఇంకొకటి చిక్కమగళూరు, శివమొగ్గ కొండల మీద పడేది. ఈ రెండూ కలిసి రావాలని లేదు.

వాతావరణ శాఖ సీజన్ అంచనాలో దేశాన్ని నాలుగు ముక్కలు చేస్తారు. మనం పడేది దక్షిణ భారతం ముక్కలో. కేరళ, మలెనాడు కొండలు, అనంతపురం ఎర్రనేలలు అన్నీ ఒకే సంచిలో. వీటన్నిటి సగటు తీసి 103 శాతం అంటే కొట్టాయంలో ఎంత, కళ్యాణదుర్గంలో ఎంత? వాన మీదే బతికే సేద్యానికి వేరే ఒక మండలం గీసి దానికి ప్రత్యేకంగా అంచనా ఇస్తారు, మంచి పని, కానీ ఆ మండలం ప్రధానంగా మధ్య భారతం. వాన మీద బతికే సేద్యం అంటే ముందు గుర్తు రావలసిన అనంతపురం అందులో లేదు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

దీనికి 2009 కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. ఎల్ నినో ఏడాది. దేశంలో 22 శాతం లోటు, కరువు అని రాసుకున్నాం. సెప్టెంబరు 30తో నైరుతి లెక్క మూసేశారు. అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగింది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊళ్లోకి వచ్చాయి. మంత్రాలయం, అలంపురం నీళ్లలో. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద, డ్యాము చరిత్రలో చూడనిది. దేశం లెక్కలో కరువు ఏడాది, కర్నూలు లెక్కలో వరద ఏడాది. సముద్రం మొత్తం మీద కాలాన్ని ఒకవైపు వంచుతుంది. ఫలానా నది పైకొండల మీద ఫలానా వారం అల్పపీడనం కూర్చుంటుందా లేదా అన్నది వేరే లెక్క.

2023లో దీనికి తిరగేసిన పరిస్థితి. దేశానికి 94 శాతం, అంటే ఏదో కొంచెం తగ్గింది అన్నట్టు. కానీ ఆ ఆగస్టు 1901 తరువాత దేశంలో అతి పొడి ఆగస్టు. కనుమల మీద కూడా వాన లేదు, తుంగభద్ర డ్యాము నిండలేదు. కాలువ కింద మిరప వేసుకున్నవాళ్లూ, మెట్టలో చెనిక్కాయ వేసుకున్నవాళ్లూ ఒకేసారి దెబ్బతిన్నారు. సీమలో చాలా మండలాలను ప్రభుత్వమే కరువు మండలాలుగా ప్రకటించింది. సీజన్ మొదట్లో "కృష్ణా, తుంగభద్ర పైకొండల మీద ఇంత అవకాశం" అని నది వారీగా ఒక్క అంచనా తెలుగులో, కన్నడలో ఇచ్చినా కాలువ కింద ఏ పంట పెట్టుకోవాలో ముందే ఆలోచించుకునే వీలుంటుంది. డ్యాములో కూడా వెనకటి నీళ్లు లేవు, 133 టీఎంసీలకు కట్టినది పూడిక చేరి 105 దగ్గరకు వచ్చింది. ఒక చెడ్డ ఏడాదిని దాటించే శక్తి దానికి తగ్గిపోతూ వస్తోంది. సముద్రపు చుట్టు చెడ్డ దశలో పడి మూడు నాలుగేళ్లు వరసగా కనుమలు ఎండితే ఏం చేస్తామో ఎవరూ మాట్లాడరు.

చాలా తిట్టాను అనిపించవచ్చు. ఈ సర్వీసులో నాకు నిజంగా నచ్చిన భాగాలు కూడా ఉన్నాయి, అవి ఎవరికీ తెలియకపోవడమే దురదృష్టం. ప్రతి గురువారం వచ్చే నాలుగు వారాల అంచనా అందులో మొదటిది. మొదటి రెండు వారాలది చాలా పనికొస్తుంది. విత్తే ముందు ఏప్రిల్ శాతాన్ని పక్కన పెట్టి దీన్ని చూడాలి. జూలైలో పదును వచ్చింది, గొర్రు కట్టాలా వద్దా అన్నప్పుడు, వెనకాల వచ్చే రెండు వారాలు పొడిగా ఉంటాయని మ్యాపు చూపిస్తుంటే ఆగినవాడికి విత్తనం మిగులుతుంది. మా వైపు విత్తనం ఖర్చే సగం ఖర్చు. "ఏమన్నా, కాలం ఉందా ఈ ఏడు?" అని టీ అంగడి దగ్గర అడిగేవాళ్లకు నేను చూపించేది ఈ మ్యాపే.

మేఘదూత్ 2019 ఆగస్టులో వచ్చింది. తెలుగులో ఉంది. ఫోన్ నంబరు కొట్టి జిల్లా ఎంచుకుంటే చాలు. వాన, ఎండ, గాలి, తేమ అయిదు రోజులకు చెబుతుంది, మంగళవారం, శుక్రవారం పంట సలహా వస్తుంది. సలహాలు ఊరికే ఢిల్లీలో రాసినవి కావు, ఇక్కడి వ్యవసాయ పరిశోధన స్థానాల వాళ్ల చేయి ఉంటుంది, చెనిక్కాయ, కంది, ఆముదం, మన పంటల పేర్లే కనబడతాయి. తెలుగు కొంచెం ఆఫీసు తెలుగు, "తేలికపాటి నుండి మోస్తరు వర్షపాతం" లాంటిది, ముసలివాళ్లకు నేను చదివి చెప్పాల్సి వస్తుంది. జిల్లా మొత్తానికి ఒక మాట చెప్పినప్పుడు అది మన ఊరికి వర్తించకపోవచ్చు. మన దగ్గర ఈ గట్టున కురిసి ఆ గట్టున కురవని వానలే ఎక్కువ. అది తెలుసుకుని వాడుకుంటే మంచి యాప్.

డబ్బు తీసుకునే ప్రైవేటు యాప్ ఒకటి మా చిన్నాన్న కొడుకు వేసుకున్నాడు, పేరు రాయను. నీ పొలానికే ప్రత్యేకంగా, గంట గంటకూ, ముందు మూడు నెలలకు తేదీలతో సహా వాన చెబుతామన్నారు. సీజన్ మొదట్లోనే ఫలానా తేదీకి 40 మిల్లీమీటర్లు అని చూపించింది, వాడు దుక్కి చేసి కూలీలను పిలిపించుకున్నాడు, ఆ రోజు ఎండ కాసింది. మూడు నెలల ముందు తేదీతో సహా వాన చెప్పే శాస్త్రం ప్రపంచంలో ఎక్కడా లేదు. పది, పదిహేను రోజులు దాటితే ఏ మోడలూ ఒక రోజు వానను పట్టుకోలేదు. సముద్రం వేడి నిదానంగా మారుతుంది కాబట్టే సీజన్ మొత్తానికి మొగ్గు చెప్పగలుగుతున్నారు, తేదీ కాదు. తేదీ చెబుతామని డబ్బు అడిగేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వొద్దు. వాతావరణ శాఖ ఆ అబద్ధం ఎప్పుడూ చెప్పలేదు, ఆ నిజాయితీకి నేను అర మార్కు అదనంగా వేశాను.

రంగుల మ్యాపు చదవడం గురించి కూడా ఒక ముక్క. అందులో ఉండేది వాన ఎంతో కాదు, అవకాశం. ఏమీ తెలియనప్పుడు ఎక్కువ, మామూలు, తక్కువ మూడింటికీ తలా 33 శాతం. మన సీమ మీద నీలం రంగు 45 శాతం అని ఉంటే, ఎక్కువ పడే వైపు కొంచెం మొగ్గు ఉందని మాత్రమే, మిగతా 55 అటు కాదనే కదా. తెల్లగా వదిలేసిన చోట మోడళ్లు ఏ వైపూ తేల్చలేదని. ఒక ఏడాది నీలం చూసి అప్పు పెంచుకోవద్దు, ఎరుపు చూసి చేను బీడు పెట్టుకోవద్దు.

చాలామంది వదిలేసే అంచనా ఇంకొకటి ఉంది, మన రివ్యూలో దానికే ఎక్కువ మార్కులు పడాలి. సెప్టెంబరు ఆఖరులో ఈశాన్య రుతుపవనాలకు వేరుగా అంచనా ఇస్తారు. అది దక్షిణాదిలో అయిదు ఉపమండలాలకు, అందులో రాయలసీమ ఒకటి. అనంతపురంలో ఎక్కువ వాన పడే నెలలు జూన్, జూలై కానే కావు, సెప్టెంబరు, అక్టోబరు. పుబ్బ, ఉత్తర, హస్త కార్తెలే మనకు కాయ ఊరే కాలం. ఇందులో సముద్రం ఆడే ఆట తలకిందులు. జూలైలో మనల్ని ఎండబెట్టే ఎల్ నినో, అక్టోబరు, నవంబరుల్లో తమిళనాడుకు, మన సీమ దక్షిణ భాగానికి చాలాసార్లు మేలే చేస్తుంది. హిందూ మహాసముద్ర డైపోల్ కూడా అనుకూలంగా ఉంటే ఇంకా మంచిది. అందుకే ఏప్రిల్‌లో ఎల్ నినో అనగానే భూమి వదిలేసి బెంగళూరు బస్సెక్కే ముందు, ముంగారు పోతే వెనక పంటకు ఏముందో చూడాలి. జూలై దాటాక వేసిన చెనిక్కాయకు చివర్లో పదును చాలదని ఇక్కడ అందరికీ తెలిసిందే, కానీ కొర్ర, అలసంద, ఉలవ అప్పటికీ దక్కుతాయి. నల్లరేగడి ఉన్న కర్నూలు, కడప వైపువాళ్లకు వెనకటి వాన పడితే పప్పుశనగ ఉంది.

వాతావరణ శాఖవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే అడిగేది మూడే. ఏప్రిల్ ప్రకటనలో పసిఫిక్, అట్లాంటిక్‌ల పెద్ద చుట్టు ఎక్కడుందో, అది మన వానలకు ఏ వైపు మొగ్గో రైతుకు అర్థమయ్యే మాటల్లో ఒక పేరా పెట్టండి. తుంగభద్ర, కృష్ణా పైకొండలకు సీజన్ అంచనా వేరుగా ఇవ్వండి. దక్షిణ భారతం సగటులో నుంచి వాననీడ ప్రాంతాన్ని విడదీసి అనంతపురం, కర్నూలు, బళ్లారి, చిత్రదుర్గలను కలిపి ఒక ముక్కగా చూపండి. వీటికి కావలసిన మోడళ్లు మీ దగ్గరే ఉన్నాయి. ఆ మూడూ వచ్చిన ఏడాది ఈ రివ్యూలో రెండున్నరను కొట్టేసి నాలుగు రాస్తాను.